ఆటకెళ్ళిన రోజు కూలి ఎవరిస్తారు?

మొన్న పండక్కి ఏలూరు వెళ్ళాం. మేం ఉండేది తాడేపల్లిగూడెం, అత్తవారిల్లు ఏలూరు. వెళ్ళేటప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో ఒక కాగితం ఉంది. దానిమీద సంతకం పెట్టాలా వద్దా అని అప్పటికి నాలుగు రోజులుగా మా ఇంట్లో చిన్న సైజు యుద్ధం నడుస్తోంది. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కబడ్డీ ఆడుతుంది. జిల్లా జట్టు క్యాంపుకి ఎంపికైంది. పదిహేను రోజులు క్లాసులు పోతాయి, "మాకు అభ్యంతరం లేదు" అని తల్లో తండ్రో రాసివ్వాలి. మావారు "ఇంటర్ అయ్యేదాకా ఆటల మాటెత్తొద్దు" అన్నారు. అమ్మాయి అన్నం మానేసింది. కాగితం మాత్రం నా బ్యాగులో మడత విప్పకుండా అలాగే ఉంది.

ఏలూరులో ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు టీవీలో 'మైదాన్' పెట్టారు. 2024లో వచ్చిన హిందీ సినిమా. అజయ్ దేవ్‌గన్ ఫుట్‌బాల్ కోచ్‌గా, మనకి బాగా తెలిసిన ప్రియమణి ఆయన భార్యగా వేశారు. ఫుట్‌బాల్ అంటే నాకు పెద్ద సరదా లేదు. వత్తులు చేసుకుంటూ ఓ కన్ను అటు వేశాను. మామగారు మొహం మీద పేపరు కప్పుకుని కునుకు తీస్తున్నారు. టీవీలో 'హైదరాబాద్', 'రహీమ్ సాబ్' అన్న మాటలు వినపడ్డాయో ఏమో, పేపరు పక్కన పడేసి లేచి కూర్చున్నారు.

"ఎవరూ, రహీం సాబా? మా మనిషే!" అన్నారు.

"మీ మనిషేంటండీ? ఆయనెక్కడ, మీరెక్కడ!" అన్నారు అత్తయ్యగారు వంటింట్లోంచి.

"పోలీసు టీముకి కోచ్ గదే ఆయన! నేను పోలీసుని కానూ?"

మామగారు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. 1966లో డ్యూటీలో చేరారు. అప్పటికి రహీం పోయి మూడేళ్ళు. అయినా బందోబస్తులకి హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా సీనియర్ కానిస్టేబుళ్ళు కథలు కథలుగా చెప్పేవారట. ఫత్తే మైదానంలో ఆంధ్రా పోలీసు జట్టు ఆడుతుంటే ఈయన గోడ పక్కన నిలబడి చూశారట. ఇన్నేళ్ళుగా కోడల్ని, ఈ సంగతి నాతో ఎప్పుడూ అన్లేదు. నేను అడిగితే కదా!

ఆ రోజు మొదలైంది నా పరిశోధన. మామగారు చెప్పింది కొంత, నేను వెతికి చదువుకున్నది కొంత. తీరా చూస్తే, మన తెలుగు రాజధానిలో ఇంత పెద్ద కథ జరిగితే నాబోటి డిగ్రీ చదివిన దానికి దాని ఆనవాలు కూడా తెలియకపోవడం సిగ్గనిపించింది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు నిజాం రోజుల్లోదే. పేరు మోగిపోయింది మాత్రం 1950 నుంచి. ఆ సంవత్సరం బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచారు. సరే, ఒకసారి ఎవరైనా గెలుస్తారు అనుకుందాం. మరుసటేడు మళ్ళీ గెలిచారు. ఆ మరుసటేడు మళ్ళీ. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్ళు కప్పు హైదరాబాదుకే వచ్చింది! కలకత్తా నుంచి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి మహామహులు దిగే పోటీ అది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్ స్వాతంత్ర్యం వచ్చాక మొదటిసారి 1950లో పెడితే, అదీ మనవాళ్ళదే. మళ్ళీ 1954లో, 1957లో. రాష్ట్రం పేరు మారాక జట్టు ఆంధ్రా పోలీస్ అయింది. ఆ పేరుతో 1961లో డ్యూరాండ్, 1960లోనూ 1963లోనూ రోవర్స్. 1962లో రోవర్స్‌ని ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నారు. మధ్యలో 1961లో రోవర్స్ గెలిచిందెవరంటే సికింద్రాబాద్ మిలిటరీ వాళ్ళు, ఈఎంఈ సెంటర్. అంటే కప్పు అలమార మారిందిగానీ ఊరు మారలేదన్నమాట.

ఈ లెక్కలు చెబుతుంటే మామగారి గొంతు మారిపోయింది. నేను జంతికల కొలతలు చెప్పినంత ధీమాగా చెబుతున్నారు.

ఇంతకీ వీళ్ళంతా ఎవరు? దర్జా ఇళ్ళ పిల్లలు కాదు. నగరం గల్లీల్లో చెప్పుల్లేని కాళ్ళతో బంతి తన్నిన కుర్రాళ్ళు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తర్వాత రోజుల్లో యూసుఫ్ ఖాన్... ఆడగలిగిన కుర్రాడు కనపడితే పోలీసు శాఖ ఉద్యోగం ఇచ్చేది. ఖాకీ బట్టలు, నెల జీతం. పొద్దున ప్రాక్టీసు, సాయంత్రం ప్రాక్టీసు. "మాకు పరేడు డ్యూటీ, వాళ్ళకి బంతి డ్యూటీ" అని నవ్వారు మామగారు. కొంచెం అసూయ కూడా ఉందనుకుంటాను ఆ నవ్వులో.

వీళ్ళకి గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పిన మనిషి. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది! మైదానంలోనూ పాఠాలే. కుడికాలుతో మాత్రమే తన్నే పిల్లాడికి ఎడంకాలు కూడా రావాలని, అలవాటు లేని కాలితోనే ఆడాలని రూలు పెట్టి పోటీలు నడిపేవారు. ఒక్కడే బంతి పట్టుకుని హొయలు పోకూడదు, పక్కవాడికి అందించాలి అని డ్రిబ్లింగ్ లేకుండా పోటీలు పెట్టేవారు. ఇది చదువుతుంటే మా బళ్ళో లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. వేళ్ళమీద లెక్కపెట్టే పిల్లల చేతులు వెనక్కి కట్టుకోమనేవారు. కోపం వచ్చేది, ఎక్కాలు మాత్రం వచ్చేశాయి.

ఆ రహీమే దేశం జట్టుకీ కోచ్. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో బంగారు పతకం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా మనకి పది గోల్సు కొట్టింది, మనం కొట్టింది ఒక్కటి. మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళు తిరిగేసరికి 1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డమీదే ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళి, నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, అందరూ జంటనగరాల పిల్లలే. జుల్ఫికరుద్దీన్‌కి అప్పటికి ఇరవయ్యేళ్ళు కాబోలు, ఇంకా మీసాలు సరిగ్గా రాని వయసు.

తులసీదాస్ బలరాం సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. ఈయన పోలీసు జట్టు మనిషి కాదు, కానీ రహీం చేతి మొక్కే. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేదింటి పిల్లాడు. రహీం ఆట చూసి, హైదరాబాదు వచ్చి ప్రాక్టీసు చెయ్యమన్నారట. రోజూ అంత దూరం ఎలా వస్తావంటే పిల్లాడి దగ్గర సమాధానం లేదు. అద్దె సైకిలుకని రోజూ రూపాయి తన జేబులోంచి ఇచ్చేవారట రహీం. ఆ రూపాయి సైకిలు మీద వచ్చినవాడే రెండు ఒలింపిక్స్ ఆడాడు, 1962లో అర్జున అవార్డు తీసుకున్నాడు. అనారోగ్యంతో ఇరవయ్యేడేళ్ళకే ఆట వదులుకోవాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయాడు.

ఆ రూపాయి దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ కాలంలో బడిపంతులు జీతం ఎంతుంటుంది? రోజుకో రూపాయి జేబులోంచి తీస్తే ఆ ఇంట్లో ఎక్కడో ఓ రూపాయి తగ్గాలి కదా! కూరలోనో, పాలలోనో. ఆ లెక్క చూసుకున్న ఇల్లాలు ఎవరో ఏ పుస్తకంలోనూ రాయలేదు. సినిమాలో ప్రియమణి పుణ్యమా అని ఒక మొహమైనా కనపడింది.

మా అక్క కొడుకు ఇంగ్లండ్‌లో లీడ్స్ ఊళ్ళో ఉద్యోగం. ఆదివారాలు ఫోన్ చేస్తాడు. మాటల్లో ఈ పోలీసు జట్టు కథంతా వాడికి చెప్పాను. వాడు, "పిన్నీ, అచ్చం ఇలాంటి కథే ఇక్కడా ఉంది" అన్నాడు. వాడుండే ఊళ్ళో హెడింగ్లే అని మైదానం ఉంది. ఒక పక్క క్రికెట్, ఇంకో పక్క రగ్బీ లీగ్. బాదంకాయలా కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తడం, ఎదుటివాళ్ళు పట్టుకుని కింద పడెయ్యడం. "మన కబడ్డీయే పిన్నీ, బంతొకటి ఎక్కువ" అన్నాడు.

ఆ ఆట పుట్టుక వింటే ఆశ్చర్యం వేసింది. ఇంగ్లండ్ ఉత్తరాన నూలు మిల్లులు, బొగ్గు గనులు. రగ్బీ బాగా ఆడేది ఆ కూలీలే. శనివారం పూట కూడా పని ఉంటుంది. ఆటకెళ్తే కూలి పోతుంది. మా ఆటగాళ్ళకి పోయిన కూలి డబ్బులిస్తాం అని ఆ ఊళ్ళ క్లబ్బులు అడిగాయి. 'బ్రోకెన్ టైమ్' అనేవారట దాన్ని. లండన్ దొరలు ససేమిరా అన్నారు. ఆటకి డబ్బు తీసుకోవడం వాళ్ళ దృష్టిలో చిన్నతనం. మరి దొరలకి కూలి పోదుగా! చివరికి 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో కూర్చుని ఉత్తరాది క్లబ్బులు విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నాయి. లీడ్స్, విగన్, హడర్స్‌ఫీల్డ్ అన్నీ అందులోవే. రోజుకి ఆరు షిల్లింగులు దాటకుండా పోయిన కూలి ఇవ్వొచ్చని రాసుకున్నారు. మూడేళ్ళకి డబ్బిచ్చి ఆడించడానికే ఒప్పుకున్నారుగానీ, ఆడేవాడికి బయట వేరే పని ఉండి తీరాలని మెలిక పెట్టారు. పదిహేను మంది ఆడే ఆటని 1906లో పదమూడు మందికి తగ్గించి, రూల్సు మార్చి, చివరికి వేరే ఆటే చేసుకున్నారు. ఒక పూట కూలి కోసం ఆట రెండు ముక్కలైంది!

వాడు ఫోన్ పెట్టేశాక నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు.

మా పుట్టిల్లు కొల్లేరు లంకల వైపు. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గాక, ఎండి నెర్రెలిచ్చిన నేలమీద సాయంత్రాలు చెడుగుడు ఆడేవారు మగపిల్లలు. ఆడపిల్లలం గట్టుమీద కూర్చుని చూడ్డమే. మా చిన్నాన్న కూతకెళ్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా "చెడుగుడుగుడుగుడు..." ఆగేది కాదు. కైకలూరు, ఆకివీడు అవతల ఊళ్ళనించి కూడా వచ్చి పిలుచుకెళ్ళేవారు. గెలిస్తే స్టీలు బిందె, లేకపోతే రెండొందల రూపాయలు జట్టు మొత్తానికి. వెళ్ళొచ్చేసరికి రెండు రోజుల చేపల వేట పోయేది. ఆ రెండు రోజులూ మా పిన్ని చేపల తట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడిచేది. ఒకసారి చిన్నాన్న భుజం జారింది. నెల రోజులు మంచం. ఆ నెల పిన్ని ఎలా నెట్టుకొచ్చిందో నాకు తెలీదు, చిన్నపిల్లని. తెలిసిందల్లా, లేచాక చిన్నాన్న మళ్ళీ బరిలోకి దిగలేదు. ఊళ్ళో అందరూ "భుజం పోయింది పాపం" అనేవారు. భుజం బాగానే ఉంది. తర్వాత పాతికేళ్ళు అదే భుజంతో వల విసిరాడు.

హడర్స్‌ఫీల్డ్ వాళ్ళ ఆరు షిల్లింగులూ, హైదరాబాద్ పోలీసు జీతమూ, రహీం ఇచ్చిన రూపాయీ... మా చిన్నాన్నకి అందులో ఏదీ దక్కలేదు. అంతే తేడా.

ఫుట్‌బాల్ కథ చివరి ముక్క. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. రహీంకి అప్పటికే ఒంట్లో బాగాలేదు. అక్కడి రాజకీయ గొడవల వల్ల స్టేడియమంతా మనవాళ్ళ మీద అరుస్తోంది. జర్నైల్ సింగ్ నెత్తిమీద కుట్లతో ఆడాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. జట్టులో మన బలరాం ఉన్నాడు, ఆంధ్రా పోలీసు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. సినిమాలో ఈ ఘట్టం వచ్చేసరికి మా ఇంట్లో వత్తులూ ఆగిపోయాయి, వంటిల్లూ ఆగిపోయింది. అత్తయ్యగారు గరిటెతోనే వచ్చి నిలబడ్డారు. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు.

ఆ తర్వాత మెల్లగా దీపం కొండెక్కింది. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ మంచి ఆటగాళ్ళని కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బిచ్చి పట్టుకుపోయాయి. వాళ్ళని తప్పు పట్టగలమా? వాళ్ళకీ ఇళ్ళున్నాయి, ఇళ్ళల్లో అమ్మలున్నారు. ఫత్తే మైదానం లాల్ బహదూర్ స్టేడియమై, క్రికెట్ వచ్చి, సభలొచ్చి, బంతి పక్కకి దొర్లిపోయింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త క్లబ్బొచ్చి 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. సంతోషమే. అయితే ఆ జట్టులో పేర్లు చదివి మన గల్లీ ఏదా అని వెతుక్కోవాల్సి వచ్చేది. యూసుఫ్ ఖాన్ 2006లో, జుల్ఫికరుద్దీన్ 2019లో పోయారు. 2021 ఏప్రిల్‌లో కరోనాకి అహ్మద్ హుస్సేన్, అదే ఆగస్టులో రహీం గారి అబ్బాయి హకీం. ఈ హకీం కూడా 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవాడే, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యారు.

సినిమా అయ్యాక టీవీ కట్టేశారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మామగారు మనవరాల్ని పిలిచారు.

"ఏవమ్మా, ఆ క్యాంపేదో ఏ ఊళ్ళో?"

అది నా వైపు చూసింది. నేను మావారి వైపు చూశాను. ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా!

"భీమవరంలో తాతయ్యా. పొద్దున ఆరింటికి ప్రాక్టీసు. అక్కడే ఉండాలి."

"పశ్చిమ గోదావరికి ఆడతావన్నమాట. మాది ఇప్పుడు ఏలూరు జిల్లా. రేపు ఫైనల్లో మామీదే కూతకొస్తావా?" 2022లో జిల్లాలు విడిపోయాక తాతా మనవరాలూ వేర్వేరు జిల్లాల వాళ్ళయిపోయారు. ఆయనకి ఇదొక వేళాకోళం.

"మరి ఖర్చు?" అన్నారు తర్వాత, కొంచెం గొంతు తగ్గించి.

అదీ అసలు ప్రశ్న. తిండి వాళ్ళే పెడతారు. బూట్లు, మోకాళ్ళకి క్యాపులు, దారి ఖర్చులు మనవి. పదిహేను రోజుల పాఠాలు పోతే మళ్ళీ ట్యూషను. అన్నిటికన్నా ముందు, ఆడపిల్ల మోకాలు చితికితే రేపు పెళ్ళివారికి ఏం చెబుతాం అన్న మాట. అది మావారు అన్లేదుగానీ ఇంట్లో తిరుగుతూనే ఉంది, ఎవరూ తరమని పిల్లిలా. మహిళల కబడ్డీ 2010 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది, మన అమ్మాయిలు మొదటిసారే బంగారం తెచ్చారు, స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనూ పోలీసులోనూ ఉద్యోగాలొస్తాయి అని మా అమ్మాయి చెబుతూనే ఉంది. వస్తాయి, కొందరికి. రానివాళ్ళు ఎందరో కూడా నాకు తెలుసు. ఆ మాట దానితో అన్లేకపోయాను.

నా మటుకు నేను కథలు రాసేది కుక్కరు మూడో కూతకీ నాలుగో కూతకీ మధ్య. ఆ పూటకి నాకెవరూ కూలి ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. అడగాలని తట్టనూ లేదు, లీడ్స్ కబురు వినేదాకా. మా పిన్నికీ తట్టి ఉండదు.

మావారు చెప్పులు దొరక్కపోయేసరికి వచ్చి కూర్చున్నారు. "ట్యూషన్ మాస్టారు వెనకపడ్డ పాఠాలు ఆదివారాలు చెబుతానంటే..." అని నసిగారు. అంతకన్నా ఆయన నోట వినడం కష్టమని పద్దెనిమిదేళ్ళ కాపురంలో నాకు తెలుసు. బ్యాగులోంచి కాగితం తీశాను. మడతల దగ్గర కొంచెం నలిగింది. 'తండ్రి/తల్లి సంతకం' అని ఉంది. మామగారి జేబులో పెన్ను తీసుకుని నేనే పెట్టాను.

రాత్రి గూడెం రైలెక్కేటప్పుడు మామగారు మనవరాలి చేతిలో మడిచిన అయిదువందల కాగితం పెట్టారు. "సైకిలుకి" అన్నారు.

"తాతయ్యా, క్యాంపులోనే ఉంటాను. సైకిలెందుకు?"

"ఉంచుకోవే" అన్నారాయన. రైలు కదిలింది.

దాన్ని పంపి ఈరోజుకి ఆరు రోజులు. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. నిన్న మోచెయ్యి దోక్కుపోయిందట. పసుపు రాసుకోమన్నాను. ఫోన్ పెట్టేశాక మా పిన్నికి చేశాను. ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది, చెవులు సరిగ్గా వినపడవు. "మన పిల్ల చెడుగుడు ఆడుతోంది పిన్నీ, జిల్లాకి!" అని గట్టిగా అరిచి చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఆడపిల్లలు కూడా కూతకెళ్తారా!" అంది. "మీ బాబాయికి చెబుతానుండు. వలలు బాగుచేస్తున్నాడు."